గడ్డివాములో దొరికిన కర్ర ఎంతవరకు సాక్ష్యం?

(పరిస్థితుల సాక్ష్యం మీద పడిన హత్యానేర శిక్షపై అప్పీలు ఎలా తయారుచేయాలి: యువ న్యాయవాదుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్దాం.

కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేని, చుట్టూ ఉన్న పరిస్థితుల నుంచే నేరాన్ని ఊహించవలసిన హత్య కేసు. సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది. ముద్దాయి అన్నో తమ్ముడో కాగితాల కట్ట తెచ్చి మీ బల్ల మీద పెట్టాడు. ఎక్కడ మొదలుపెడతారు?

చాలామంది తీర్పు తెరుస్తారు. అలా చేయకండి. తీర్పులో కథ అప్పటికే అల్లేసి ఉంటుంది. అది ముందు బుర్రకెక్కితే, తర్వాత చదివే ప్రతి కాగితం ఆ కథకు అతికినట్టే కనిపిస్తుంది. ఎఫ్ఐఆర్‌తో మొదలుపెట్టండి. అది మేజిస్ట్రేటు దగ్గరికి ఏ రోజు, ఎన్ని గంటలకు చేరిందో ఆయన సంతకం కింద చూడండి. తర్వాత శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు. ఆ తర్వాత ఒక్కో సాక్షీ పోలీసులకు చెప్పింది ఎడమ పక్కన, కోర్టులో చెప్పింది కుడి పక్కన పెట్టుకుని వరస వెంబడి చదవండి. తర్వాత స్వాధీనం పంచనామాలు, ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) రిపోర్టు, జడ్జి ముద్దాయిని అడిగిన ప్రశ్నలు, జవాబులు. తీర్పు అన్నిటికంటే చివర.

గడువు మాత్రం మొదటి రోజే లెక్క కట్టుకోవాలి. యావజ్జీవ శిక్ష మీద హైకోర్టులో అప్పీలుకు 60 రోజులు, మరణశిక్ష అయితే 30 రోజులు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు ఇందులోంచి మినహాయింపు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ముద్దాయి జైలు సూపరింటెండెంటు ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు. ఖైదులో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది, ఆదాయంతో పని లేదు. ఈ సంగతి తెలియక గడువు దాటిపోయిందని వదిలేసుకున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు, సాధారణంగా మన్నిస్తారు కూడా.

ఇంకో మాట. హైకోర్టులో ఇది మొదటి అప్పీలు. సాక్ష్యం మొత్తాన్ని మళ్లీ మొదటినుంచి తూచే అధికారం, బాధ్యత రెండూ అప్పీలు వినే ఇద్దరు జడ్జీల మీద ఉన్నాయి. సుప్రీంకోర్టుకు వెళ్లాక ఆ వెసులుబాటు చాలావరకు తగ్గిపోతుంది. అసలు పోరాటం ఇక్కడే చేయాలి.

ఇక సూత్రం. పుణెలో 1982 జూన్‌లో కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి పొటాషియం సైనైడ్‌తో చనిపోయింది. భర్తకు మరణశిక్ష పడింది, బొంబాయి హైకోర్టు ఖాయం చేసింది. 1984 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అదే శరద్ బిర్ధిచంద్ సర్దా కేసు. పరిస్థితుల సాక్ష్యానికి పంచశీల అని ఆ తీర్పే పేరు పెట్టిన ఐదు సూత్రాలు అందులో ఉన్నాయి. ఒక్కో పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి. రుజువైనవన్నీ ముద్దాయి నేరానికి తప్ప ఇంకో వివరణకు ఒప్పకూడదు. వాటి స్వభావం నిర్ణయాత్మకంగా ఉండాలి. మిగతా సంభావ్యతలన్నీ తోసిపుచ్చేలా ఉండాలి. గొలుసు ఎక్కడా తెగకుండా, ఇతనే చేసి ఉండాలి అనిపించాలి.

ఈ ఐదూ అందరూ అప్పీలు మెమోలో రాస్తారు. రాసి, నేరుగా చివరిదానికి పోతారు, "గొలుసు తెగింది" అని. కానీ గెలిచే అప్పీళ్లు ఎక్కువగా మొదటి సూత్రం దగ్గరే గెలుస్తాయి. గొలుసు సంగతి తర్వాత, అసలు ఈ లింకు ఉందా? ఈ ఒక్క పరిస్థితి, మిగతావాటి సాయం లేకుండా, తన కాళ్ల మీద తాను నిలబడిందా? "చేసి ఉండవచ్చు"కీ "చేసి ఉండాలి"కీ మధ్య ఉన్నది చాలా దూరం అని 1973లో శివాజీ సాహబ్‌రావ్ బోబడే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సర్దా తీర్పు దాన్నే మళ్లీ ఎత్తి చెప్పింది. కింది కోర్టు తీర్పుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే, సగం రుజువైన నాలుగు పరిస్థితులను కలిపి రెండు పూర్తి పరిస్థితులుగా లెక్కేయడం. అలాంటి కూడిక చట్టంలో లేదు.

ఇప్పుడు లింకుల్లోకి వెళ్దాం. అన్నిటికంటే ఎక్కువసేపు స్వాధీనం దగ్గర, అంటే ముద్దాయి చెప్పిన చోట పోలీసులకు వస్తువు దొరకడం దగ్గర ఆగుతాను, ఎందుకంటే శిక్షలు ఎక్కువగా పడేది అక్కడే.

దీనికి దారి చూపిన కేసు మన గుంటూరు జిల్లాది. పులుకూరి కోటయ్య కేసు, 1947 ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన అప్పీళ్లకు లండన్‌లోని చివరి కోర్టు) తీర్పుగా మనం ఉదహరించేది. ముఠా తగాదాలో ఇద్దరి హత్య. ఒక ముద్దాయి పోలీసులకు చెప్పిన మాటల సారాంశం ఇది: పద్నాలుగు రోజుల కిందట పొద్దుగూకే వేళ పులిపాడు చెరువు మూల మేం కాపు కాశాం, వాళ్లను కొట్టి చంపాం, మా వాడొకడు తన చేతిలో ఉన్న బల్లెం నాకిచ్చాడు, దాన్నీ నా కర్రనూ ఊళ్లో ఫలానా వ్యక్తి గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను, ఇదంతా ఫలానా వాడు పురమాయిస్తే చేశాం.

ఇందులో కోర్టు వినదగింది ఎంత? ప్రీవీ కౌన్సిల్ కత్తెర వేసింది. "దాన్నీ నా కర్రనూ గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను", ఇంతే సాక్ష్యం. కాపు కాశాం, కొట్టాం, చంపాం అన్నదంతా పోలీసుల ముందు నేరాంగీకారం, పనికిరాదు. ఆ తీర్పులోనే ఇంకో ఉదాహరణ ఉంది. "మా ఇంటి కప్పులో దాచిన కత్తి తీసిస్తాను" అంటే, దానివల్ల బయటపడింది కత్తి కాదట. కత్తులు లోకానికి ఎన్నో ఏళ్ల కిందటే తెలుసు. బయటపడింది, ఆ కత్తి అక్కడ దాగి ఉందన్న సంగతి, అది అతనికి తెలుసన్న సంగతి. ఆ కత్తినే హత్యలో వాడారని ప్రాసిక్యూషన్ వేరే సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి. "దాంతోనే పొడిచాను" అని చేరిస్తే ఆ ముక్క చెల్లదు.

అప్పట్లో ఇది ఎవిడెన్స్ చట్టం 27వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌కు ప్రొవైజో (మినహాయింపు చెప్పే షరతు) అయింది. నంబరు మారింది, సూత్రం మారలేదు.

కాబట్టి మీ ఫైల్లో నేరాంగీకార పంచనామా తీసి, ముందు ఎగ్జిబిట్‌గా (నంబరు వేసి కోర్టు రికార్డులో చేర్చిన సాక్ష్యంగా) మార్కయిన భాగం ఎంతో చూడండి. ట్రయల్ కోర్టు మొత్తం పంచనామాను మార్కు చేసేసి ఉంటే, పెన్సిల్ తీసుకుని చెల్లే వాక్యం కింద గీత గీయండి. మిగతాదంతా కొట్టేయండి. ఇప్పుడు తీర్పు తెరిచి, జడ్జి గారు ఆ కొట్టేసిన భాగం మీద ఎన్నిచోట్ల ఆధారపడ్డారో లెక్కపెట్టండి. ఉద్దేశం, పథకం, వాడిన ఆయుధం, పారిపోయిన దారి, ఇవన్నీ అందులోంచే తీసుకున్నారని తేలితే మీ మెమోలో మొదటి గ్రౌండు అదే.

తర్వాత అడగవలసింది, ఆ మాటలు అసలు ఎప్పుడు, ఎవరి ముందు రాశారు? 2022లో రామానంద్ కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. ముద్దాయి చూపిస్తానన్నప్పుడు దర్యాప్తు అధికారి మొదట ఇద్దరు స్వతంత్ర సాక్షులను స్టేషన్‌కు పిలిపించాలి. వాళ్ల ఎదుట ముద్దాయి అన్న మాటలు అన్నట్టుగా రాయాలి. ఆ తర్వాతే అందరూ కలిసి చోటుకు బయల్దేరాలి. జరిగేది తరచూ ఇందుకు భిన్నంగా ఉంటుంది. పోలీసులు వస్తువు తీసుకున్నాక కాగితాలు రాస్తారు. మధ్యవర్తిగా, అంటే పంచనామా సాక్షిగా, ఒక వీఆర్‌ఓ సంతకం పెడతాడు. క్రాస్‌లో (ఎదుటి లాయరు ప్రశ్నించినప్పుడు) "నేను వెళ్లేసరికి కత్తి బల్ల మీద ఉంది" అంటాడు. లేదా ముద్దాయి ఏమన్నాడో తన నోటితో ఒక్క ముక్క చెప్పడు, "పంచనామా మీద నా సంతకం ఉంది" అంటాడు. సంతకం ఉండటం వేరు, లోపల రాసింది రుజువు కావడం వేరు. దర్యాప్తు అధికారి వాంగ్మూలం కూడా చూడండి. ముద్దాయి ఫలానా మాట అన్నాడని కోర్టులో చెప్పాడా, లేక "నేరాంగీకార వాంగ్మూలం నమోదు చేశాను, అతను చూపిన మేరకు స్వాధీనం చేసుకున్నాను" అని సరిపెట్టాడా? రెండోది అయితే 27వ సెక్షన్ కింద రుజువైంది దాదాపు శూన్యం.

ఇక్కడ హెచ్చరిక ఒకటి. స్వతంత్ర సాక్షి లేడు గనక స్వాధీనం చెల్లదని అడ్డంగా వాదించకండి. ఢిల్లీ వర్సెస్ సునీల్ కేసులో 2000లో సుప్రీంకోర్టు అలాంటి నియమం లేదంది, ప్రాసిక్యూటర్ దాన్నే తీస్తాడు. సాక్షి లేకపోవడంతో పాటు ఇంకా ఏం అనుమానం ఉందో చూపించాలి. అలాగే "బహిరంగ ప్రదేశంలో దొరికింది" అన్న వాదన కూడా ఒంటరిగా నిలవదు. చోటు బహిరంగమే కావచ్చు, వస్తువు మామూలు కంటికి కనబడకుండా దాచి ఉంటే చెల్లుతుందని హిమాచల్ వర్సెస్ జీత్ సింగ్ చెబుతుంది. ఆ గడ్డివాము కూడా వేరొకరిదే కదా. మీరు చూడవలసింది పంచనామాలో "గడ్డి కింద, అడుగు లోతున" అని రాశారా, లేక "పొదల పక్కన పడి ఉంది" అని రాశారా అన్నది.

మృతదేహం ముద్దాయి చూపిస్తే దొరికిందని చెప్పిన కేసుల్లో ఇంకా జాగ్రత్తగా తేదీలు, గంటలు చూడండి. పోలీసులకు ముందే తెలిసిన సంగతిని ముద్దాయి "బయటపెట్టడం" అంటూ ఉండదు. 2024 ఏప్రిల్‌లో రవిశంకర్ టాండన్ కేసులో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది దాదాపు ఈ ఒక్క కారణంతోనే. వాంగ్మూలం రాయకముందే శవం ఎక్కడుందో పోలీసులకూ ఊరివాళ్లకూ తెలుసని సాక్షులే చెప్పారు. అందుకే స్టేషన్ జనరల్ డైరీ, డాగ్ స్క్వాడ్ వచ్చిన సమయం, ఫొటోగ్రాఫర్ వాంగ్మూలం, ఇలాంటి చిన్న కాగితాలు వదలకండి.

ఇక కత్తి మీద రక్తం. ఎఫ్ఎస్ఎల్ రిపోర్టు "మానవ రక్తం, గ్రూపు తేల్చలేకపోయాం" అని ఆపేస్తే, అది మృతుడి రక్తమని చెప్పడానికి దారి మూసుకుపోయినట్టే. గ్రూపు కలిసినా సరే, ముద్దాయి గ్రూపు కూడా అదే కాదని ఎవరైనా చూశారా? రక్తం మరకున్న ఆయుధం దొరకడం ఒక్కటే హత్యానేరానికి సరిపోదని 2011లో ముస్తకీమ్ కేసులో చెప్పారు. దానికి తోడు వస్తువు ప్రయాణం చూడాలి. స్వాధీనమైన రోజు, సీలు వేశారా, ఎవరి సీలు, మాల్‌ఖానా (స్వాధీనమైన వస్తువులు ఉంచే గది) రిజిస్టరు ఎంట్రీ, కోర్టుకు పంపిన రోజు, ల్యాబుకు చేరిన రోజు, తీసుకెళ్లిన కానిస్టేబుల్‌ను సాక్షిగా విచారించారా. మధ్యలో 40 రోజులు వస్తువు ఎక్కడుందో చెప్పే కాగితం లేకపోతే, ఆ 40 రోజులే మీ వాదన. డీఎన్‌ఏ విషయంలో 2025 జూలైలో కట్టవెల్లై కేసు చాలా స్పష్టంగా ఉంది. నమూనా 48 గంటల్లో ల్యాబుకు చేరేలా చూడాలి, చేరకపోతే కారణం రాయాలి, చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టరులో ఎక్కించాలి. అంతకుముందు జరిగిన కేసులకు ఈ నిబంధనలు నేరుగా వర్తిస్తాయనకండి. ఏ లోపం ఎందుకు ప్రమాదమో చెప్పడానికి మాత్రం వాడుకోండి.

ఇప్పుడు లాస్ట్ సీన్. మృతుడు చివరిసారి ముద్దాయితో కనిపించాడన్న సాక్ష్యం.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. సోమవారం రాత్రి 8 గంటలకు ఇద్దరూ ఒకే బండి మీద బెల్టు షాపు దగ్గర్నుంచి వెళ్లడం సాక్షి చూశాడు. బుధవారం పొద్దున 6 గంటలకు శవం కాలువలో తేలింది. అదే రోజు మధ్యాహ్నం 3 గంటలకు పోస్టుమార్టం. చనిపోయి 24 నుంచి 48 గంటలు అయి ఉంటుందని డాక్టరు రాశాడు. లెక్క వేయండి. మరణం సోమవారం మధ్యాహ్నం 3 నుంచి మంగళవారం మధ్యాహ్నం 3 మధ్యలో ఎప్పుడైనా కావచ్చు. అంటే కలిసి కనబడిన తర్వాత 19 గంటల దాకా అతను బతికి ఉండే అవకాశం డాక్టరు రిపోర్టే ఇస్తోంది. ఆ 19 గంటల్లో మూడో మనిషి తారసపడే వీల్లేదని ఎవరు చెప్పారు? తీర్పులో "రాత్రి 8కి చూశారు, తర్వాత శవం దొరికింది" అని ఒకే వాక్యంలో ఉంటుంది. మధ్యలోని సమయాన్ని కాగితం మీద గీత గీసి చూపిస్తే తప్ప ఎవరి కంటికీ ఆనదు. బోధ్‌రాజ్ కేసులో 2002లో చెప్పింది ఇదే: ఆ వ్యవధి వేరొకరి ప్రమేయానికి తావు లేనంత తక్కువగా ఉండాలి.

డాక్టరు క్రాస్ పూర్తిగా చదవండి. శవం బిగుసుకోవడం ఎండాకాలంలో తొందరగా మొదలై తొందరగా సడలుతుంది, నీళ్లలో ఉన్న శవానికి లెక్క వేరు. కడుపులో సగం అరిగిన అన్నం ఉందని రిపోర్టులో ఉంటే, చివరి భోజనం ఎప్పుడో ఇంటివాళ్లు చెప్పారా? సోమవారం రాత్రి తాగడానికి వెళ్లాడన్న మనిషి పొట్టలో ఇడ్లీ ముక్కలు ఉంటే అది అడగవలసిన ప్రశ్నే.

ఆ సాక్షి ఎప్పుడు నోరు విప్పాడో చూడండి. శవపంచనామా ఫారంలో, మృతుణ్ని చివరిసారి ప్రాణాలతో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చూశారని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉందా? సాక్షి ఆ రోజు అక్కడే ఉండి కూడా తొమ్మిది రోజుల తర్వాత పోలీసులకు చెప్పాడా? ప్రాసిక్యూటర్ వెంటనే పెద్ద నారాయణ కేసు చదువుతాడు, 1975 నాటి మన రాష్ట్రపు కేసే. శవపంచనామా ఉద్దేశం మరణ కారణం తెలుసుకోవడమే, పేర్లు లేకపోయినంత మాత్రాన కేసు పోదని. నిజమే. అందుకే ఖాళీ గడిని ఒంటరిగా చూపకుండా, తొమ్మిది రోజుల మౌనానికి సంజాయిషీ లేకపోవడంతో ముడిపెట్టి చూపాలి.

ట్రయల్ నడిపే లాయర్లకు ఇక్కడ గట్టిగా చెప్పాలి. పోలీసు వాంగ్మూలంలో లేని ముఖ్యమైన మాట సాక్షి కోర్టులో చెబితే, అతనికి ఆ వాంగ్మూలం గుర్తుచేసి అడగాలి, తర్వాత దర్యాప్తు అధికారితో "ఆ మాట నాకు చెప్పలేదు" అనిపించి రికార్డు చేయించాలి. ఈ రెండో అడుగు మరిచిపోతే ఆ లోపం హైకోర్టులో వాడుకోవడానికి వీల్లేదు. మంచి అప్పీళ్లు చెడిపోయేది ఎక్కువగా ఈ మరుపు వల్లే.

"ఇద్దరే ఉన్నారు కదా, ఏం జరిగిందో ముద్దాయే చెప్పాలి" అన్న వాదన వస్తుంది. పాత ఎవిడెన్స్ చట్టం 106వ సెక్షన్, ఇప్పుడు సాక్ష్య అధినియమంలో 109. నాలుగు గోడల మధ్య, రాత్రి వేళ భార్యాభర్తలిద్దరే ఉన్న ఇంట్లో మరణమైతే ఈ వాదనకు బలముంది. త్రిముఖ్ మారుతి కిర్కన్ కేసు చదవకుండా వెళ్లకండి. కానీ ప్రాసిక్యూషన్ మీద ఉన్న మొదటి భారాన్ని ఈ సెక్షన్ దించదని 1956లోనే శంభునాథ్ మెహ్రా కేసులో తేల్చారు. ముద్దాయి చెప్పింది అబద్ధమని తేలినా, అది మిగతా గొలుసు పూర్తయ్యాక అదనపు లింకు అవుతుందే తప్ప, తెగిన గొలుసుకు అతుకు కాదు. ఇది కూడా సర్దా తీర్పులోదే.

జడ్జి ముద్దాయిని అడిగే ప్రశ్నలు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313వ సెక్షన్, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 351. ఇది చాలామంది తిరగేయని పేజీ. తీర్పులో శిక్షకు వాడిన ప్రతి పరిస్థితినీ ముద్దాయికి వేరువేరుగా, అర్థమయ్యేలా చెప్పి అడిగి ఉండాలి. "సాక్షి 4 నీ గురించి ఇలా చెప్పాడు, ఏమంటావు?" అని ఒక పేరా నిండా నాలుగు సంగతులు కలిపి అడిగితే, కింద "అబద్ధం" అని ఒక్క మాట ఉంటుంది. అసలు అడగని పరిస్థితిని పక్కన పెట్టాల్సిందేనని సర్దా కేసులో చేసి చూపించారు. అయితే దానివల్ల ముద్దాయికి ఏ నష్టం జరిగిందో మీరు చెప్పగలగాలి.

మిగతావి త్వరగా. ఊరి పెద్ద ముందు నేరం ఒప్పుకున్నాడన్న సాక్ష్యం బలహీనమైనది, ఆ పెద్దకూ ముద్దాయికీ అంత చనువుందా అన్నదే ప్రశ్న. ఉద్దేశం రుజువు కాకపోవడం ఇలాంటి కేసుల్లో ముద్దాయికి మేలు చేస్తుంది. సీసీ కెమెరా, కాల్ రికార్డులకు ఎలక్ట్రానిక్ సాక్ష్యపు సర్టిఫికెట్ లేకపోతే, అది తప్పనిసరి అన్న అర్జున్ పండిత్‌రావ్ కేసు ఉంది. టవర్ లొకేషన్ ఫోను ఏ ప్రాంతంలో ఉందో చెబుతుంది, ఎవరి చేతిలో ఉందో చెప్పదు.

వాదనకు ఒక పట్టిక తయారుచేయండి. నాలుగు గడులు చాలు: తీర్పు నమ్మిన పరిస్థితి, దానికి సాక్షి లేదా ఎగ్జిబిట్ నంబరు, లోపం పేజీ నంబరుతో సహా, లోపం తీసేశాక మిగిలింది. నాలుగో గడి నిజాయతీగా నింపండి. హత్యే జరిగిందన్నది స్పష్టమైతే ఒప్పేసుకోండి. అది ఆత్మహత్య అని సాగదీస్తే మీ బలమైన మాట కూడా బలహీనపడుతుంది.

ఈ శ్రమ ఎందుకో చెప్పడానికి విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం కేసు చాలు. 2007 డిసెంబరు 27న హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య. ఒక దళిత యువకుణ్ని పట్టుకున్నారు, 2010 సెప్టెంబరులో శిక్ష పడింది. ఇతను కాదని బాధితురాలి తల్లిదండ్రులే అంటూ వచ్చారు. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచింది. ఆ తల్లిదండ్రులకు మాత్రం దర్యాప్తు మళ్లీ మొదటికొచ్చింది.

అందుకే అప్పీలు వేసిన రోజే శిక్ష నిలుపుదల దరఖాస్తు కూడా వేయండి. కొట్టేసినా ఊరుకోకండి. బచ్చు రంగారావు కేసులో 2016లో ఉమ్మడి హైకోర్టు చెప్పిన ప్రకారం, కొన్ని తీవ్రమైన కోవల కేసులు మినహా, యావజ్జీవ ఖైదీ ఐదేళ్లు పూర్తిచేసి అప్పీలు ఇంకా తేలకపోతే బెయిలు అడగవచ్చు. ఆ తేదీ డైరీలో రాసి పెట్టుకోండి.

అప్పీలు గెలిచాక కూడా పని ఉంది. తీర్పు చివర ముద్దాయి విడుదల, కట్టిన జరిమానా వాపసు అనే మాటలు ఉన్నాయో లేదో అదే రోజు చూసుకోండి. పై కోర్టు పిలిస్తే హాజరవుతానని ఆరు నెలల బాండు అడిగితే జామీనుదారులను సిద్ధంగా ఉంచండి. అతని మీద ఇంకో కేసులో పీటీ వారంటు (ఖైదీని వేరే కోర్టులో హాజరుపరచమనే ఉత్తర్వు) ఏదైనా ఉందా అని జైల్లో ముందే కనుక్కోండి. తీర్పు జైలుకు చేరిందో లేదో ఫోన్ చేసి అడగండి.